అమావాస్య చూసుకుని పసిఫిక్ తీరానికి

ఈ ట్రిప్ కి డేట్లు ఫిక్స్ చేసింది మా వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్. వైశాఖ అమావాస్య ఎప్పుడొచ్చిందో చూసి, ఆ మర్నాటికల్లా ఒరెగాన్ లో కానన్ బీచ్ దగ్గర ఉండేలా లెక్కేసుకుని, దానికి ముందూ వెనకా ఇద్దరం లీవులు పెట్టుకున్నాం. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం బాగా వెనక్కి పోయి మళ్ళీ బాగా ముందుకొస్తుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, నేను పుట్టి పెరిగింది భీమిలిలో, మా ఇంటి వెనక పేటలో వాళ్ళు పడవ దించాలన్నా వల లాగాలన్నా ముందు ఇవాళ తిథేంటి అని అడిగేవాళ్ళు.

కాకపోతే మా విశాఖ వైపు ఆటుకీ పోటుకీ తేడా మహా అయితే నాలుగైదు అడుగులు, ఒరెగాన్ తీరంలో మామూలు రోజుల్లోనే ఏడెనిమిది ఉంటుంది, అమావాస్య దగ్గర పదడుగుల దాకా వెళ్తుంది. రోజుకి రెండు ఆట్లు రెండు పోట్లు, అవీ రెండూ సమానంగా ఉండవు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. వసంతం చివర్లో, వేసవిలో ఆ పెద్ద ఆటు తెల్లవారుజామున, పొద్దున పూట వస్తుంది. అదే చలికాలం అయితే సాయంత్రం చీకటి పడే వేళకి పోతుంది. కాబట్టి మే చివర్లో వచ్చే మెమోరియల్ డే సెలవు హడావిడి అయిపోయిన వెంటనే వచ్చే అమావాస్య అంటే దానికి మించిన టైం లేదు. అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా వాళ్ళ సైట్ లో ఊరు ఊరుకీ టైడ్ టేబుల్ ఉంటుంది, మేం ఆగాలనుకున్న ప్రతి చోటుదీ ప్రింట్ తీసి డ్యాష్ బోర్డ్ మీద క్లిప్ పెట్టాను. ఈ తీరం వెంట వెళ్ళే ప్రతి మనిషికీ నేను చెప్పేది ఇదొక్కటే, ఎన్ని మైళ్ళు తిరగాలి అన్నది తర్వాత, నీళ్ళు ఎప్పుడు ఎక్కడుంటాయో ముందు చూసుకోండి. ఒకే రాయి పొద్దున ఒకలాగ మధ్యాహ్నం ఇంకోలాగ ఉంటుంది, తప్పు టైంలో వెళ్తే అక్కడ ఏముందో కూడా తెలీకుండా ఫోటో దిగి వచ్చేస్తాం.

మేముండేది సియాటిల్ పక్కన బాతెల్ లో. మా ఆయనది కరీంనగర్, సముద్రం మొదటిసారి చూసింది మా పెళ్ళికి భీమిలి వచ్చినప్పుడే, అప్పట్నుంచీ నాకంటే ఆయనకే దాని మీద ఎక్కువ మోజు. చాలామంది మనవాళ్ళు శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి కింద నుంచి పైకి వస్తారు, నా మాట వింటే పైనుంచి కిందకే వెళ్ళండి. ఇక్కడ కుడివైపు నడుపుతాం కదా, దక్షిణానికి వెళ్తుంటే సముద్రం మన వైపు ఉంటుంది, వ్యూ పాయింట్ కనపడగానే ఎదురొచ్చే బండ్లకి అడ్డం తిరక్కుండా పక్కకి లాగేసి ఆపొచ్చు. వేసవిలో గాలి కూడా ఎక్కువగా వాయువ్యం నుంచే, అంటే మన వీపు మీద. ఎత్తైన వ్యాన్ నడిపేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

వ్యాన్ ఫోర్డ్ ట్రాన్సిట్, రెంట్ కి తీసుకున్నాం, పైకప్పు ఎత్తుగా ఉన్న మోడల్ కాబట్టి లోపల మా ఆయన వంగకుండా నిలబడగలడు. వెనక అడ్డంగా మంచం, దాని కింద సామాను, మధ్యలో చిన్న సింకు, 12 వోల్టుల ఫ్రిడ్జ్, బ్యూటేన్ స్టవ్, పైన సోలార్, కింద లిథియం బ్యాటరీ. టాయిలెట్ లేనిది కావాలనే తీసుకున్నాం, ఎందుకంటే ఒరెగాన్ స్టేట్ పార్కుల్లో బాత్రూములు శుభ్రంగా వేడినీళ్ళతో ఉంటాయి, మనం ఖాళీ చేయాల్సింది గిన్నెలు కడిగిన నీళ్ళ ట్యాంకు ఒక్కటే, దానికి చాలా పార్కుల్లో డంప్ స్టేషన్ ఉంటుంది. రైస్ కుక్కర్ మర్చిపోండి, అంత కరెంటు అక్కడ ఉండదు, మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ చాలు. పెద్ద ఆర్వీలు తీసుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, అవి ఊళ్ళో మామూలు పార్కింగ్ లో పట్టవు, మంచి చోట్లన్నీ వదిలేసి వెళ్ళిపోవాల్సొస్తుంది.

వాషింగ్టన్ నుంచి ఒరెగాన్ లోకి వెళ్ళేది ఆస్టోరియా బ్రిడ్జి మీంచి. కొలంబియా నది సముద్రంలో కలిసే చోట 4 మైళ్ళ పైచిలుకు బ్రిడ్జి, 1966 లో తెరిచారు. ఎక్కువ దూరం నీళ్ళకి దగ్గరగా చదునుగా పోయి, ఆస్టోరియా దగ్గర ఓడలు కింద నుంచి వెళ్ళడానికి ఒక్కసారి పైకి లేస్తుంది. మా గోస్తనీ భీమిలిలో సముద్రంలో కలిసే చోటు నేను చిన్నప్పట్నుంచీ చూశాను, నది అంటే అదీ కలవడం అంటే అదీ అనుకున్నదాన్ని, ఇక్కడ ఏది నదో ఏది సముద్రమో తెలీలేదు. ఆ రాత్రి ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కులో ఆగాం, అక్కడ బీచ్ లో పీటర్ ఐర్డేల్ అని 1906 లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ ఇనప అస్థిపంజరం ఇంకా ఇసకలో నిలబడి ఉంది. నాలుగు తెరచాప కొయ్యల ఓడ అది. ఆటు టైంకి దాని దగ్గరికి నడిచి వెళ్ళి తుప్పు పట్టిన పక్కటెముకల మధ్య నిలబడొచ్చు, చెయ్యి పెడితే పొరలు పొరలుగా రాలుతోంది. మా ఆయన చాలాసేపు దాని చుట్టూ తిరిగి, దీన్ని ఇట్లనే వదిలేసుడు మంచిగ చేసిండ్రు అన్నాడు.

ఇంక హేస్టాక్ రాక్. కానన్ బీచ్ లో ఇసక మీద నిలబడ్డ 235 అడుగుల బసాల్ట్ రాయి, అందరూ ఫోటోల్లో చూసే ఉంటారు. ఏడింటికి ఆటు అంటే మేం ఆరుకే అక్కడున్నాం, ఎందుకంటే నీళ్ళు పూర్తిగా పోయేదాకా ఆగకుండా, పోతున్న నీళ్ళ వెనకాలే నడిస్తే గుంటలు ఒక్కొక్కటీ తెరుచుకోవడం చూడొచ్చు. చలి బాగా ఉంది, స్వెటర్ మీద రెయిన్ జాకెట్. మొదటి గుంటలో ఏమీ లేదనుకున్నాం, మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు అలవాటు పడేదాకా చూస్తే అప్పుడు తెలిసింది, అడుగంతా పువ్వుల్లా కనిపించే ఆకుపచ్చ ఎనిమోన్లు అనే జీవులు, ఒక్కోటి అరచెయ్యంత, నీళ్ళున్నవి విచ్చుకుని ఉన్నాయి, నీళ్ళు పోయినవి ముడుచుకుని ఇసక రేణువులూ గవ్వ ముక్కలూ ఒంటికి అంటించుకుని ఉన్నాయి, తెలీకపోతే కాలు వేసేస్తాం. రాతి అంచు కింద నక్షత్ర చేపలు, ఊదా రంగువీ నారింజ రంగువీ పక్కపక్కనే, రెండూ ఒకే జాతి అని అక్కడున్న వాలంటీర్ చెప్పింది. ఒకటి ఆల్చిప్ప మీద ఎక్కి కూర్చుని ఉంది, కదలదు, మేం చూసినంతసేపూ కదల్లేదు, కానీ అది ఆ క్షణంలో చిప్పని తన కాళ్ళతో లాగి తెరుస్తోందట, సందు దొరికితే కడుపునే బయటికి తీసి లోపల పెట్టి తింటుందట. పైన రాతి మీద గడ్డి ఉన్న వైపు పఫిన్లు అనే సముద్రపు పక్షులు గూళ్ళు పెట్టుకున్నాయి, వాలంటీర్ల టెలిస్కోప్ లోంచి నారింజ రంగు ముక్కు స్పష్టంగా కనిపించింది.

ఆ వాలంటీరమ్మే ఇంకో మాట చెప్పింది, 2013 నుంచి ఈ తీరమంతా నక్షత్ర చేపలకి ఒక జబ్బు వచ్చి కరిగిపోయి చచ్చిపోయాయని. ఈ ఊదా రంగువి కొంత తేరుకున్నాయి, సన్ ఫ్లవర్ స్టార్ అని ఇరవై పైన చేతులుండే పెద్దది మాత్రం దాదాపు కనపడకుండా పోయింది. ఇది గుర్తుంచుకోండి, దీని సంగతి కాలిఫోర్నియాలో మళ్ళీ వస్తుంది.

ఒరెగాన్ లో ఏ బీచ్ కైనా ఎవరైనా దిగొచ్చు, ఎక్కడా ప్రైవేట్ బోర్డు కనపడదు, ఇది ఊరికే వచ్చింది కాదు. 1913 లో గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ తడి ఇసకంతా పబ్లిక్ రోడ్డు అని చట్టం చేయించాడు, అప్పట్లో నిజంగానే బీచ్ మీదే బండ్లు నడిచేవి. తర్వాత 1966 లో ఇదే కానన్ బీచ్ లో ఒక మోటెల్ ఓనరు పొడి ఇసక నాది అని దుంగలు అడ్డం పెట్టి బయటివాళ్ళని రానివ్వలేదు, దాని మీద జనం గొడవ చేసి చేసి 1967 లో బీచ్ బిల్లు పాస్ చేయించుకున్నారు, అప్పటి గవర్నర్ టామ్ మెకాల్ దాని కోసం బాగా నిలబడ్డాడు. గడ్డి మొలిచే గీత దాకా ఇసక మీద నడిచే హక్కు అందరిదీ. 360 మైళ్ళ చిల్లర తీరం, మేం ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపి దిగాం, ఎవరూ ఏమీ అడగలేదు. నాకు ఈ ట్రిప్ లో అన్నిటికంటే గొప్పగా అనిపించిన విషయం ఇదే, ప్రకృతి ఎలాగూ ఉంటుంది, దాని దగ్గరికి పోనిచ్చే చట్టం ఉండటం వేరే సంగతి.

పొద్దున ఆటు అయితే మధ్యాహ్నం పోటు కదా, ఆ పోటు నిండి నీళ్ళు కాసేపు అటూ ఇటూ కదలకుండా నిలబడే టైం పీతలకి బెస్టు, ప్రవాహం లేనప్పుడు అవి తిండికి బయటికొస్తాయి. ఆ టైంకి టిల్లమూక్ బే ఒడ్డున గారిబాల్డీ అనే చిన్న ఊళ్ళో ఉన్నాం. షెల్ ఫిష్ లైసెన్స్ ఆన్ లైన్ లో తీసుకున్నాం, డాక్ దగ్గర షాపులో రింగ్ వలలు అద్దెకి, ఎరగా చికెన్ ముక్కలు. ఇక్కడ దొరికే డంజినెస్ రకం పీతల రూల్సు గట్టిగా ఉంటాయి, మగవే పట్టాలి, వీపు అడ్డంగా 5¾ అంగుళాలు ఉండాలి, మనిషికి రోజుకి 12 దాటకూడదు. కొలవడానికి ప్లాస్టిక్ గేజ్ ఇస్తారు. తిరగేసి చూస్తే మగదానికి కడుపు కింద పలక సన్నగా మొనదేలి ఉంటుంది, ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా, ఇది భీమిలి పీతలకీ అంతే. వల దించి ఇరవై నిమిషాలు ఆగి, ఒక్కసారి ఆపకుండా జోరుగా లాగాలి, మధ్యలో చెయ్యి ఆగితే అంచు మీంచి దిగి వెళ్ళిపోతాయి.

మొదటి వల పైకి రాగానే మా ఆయన "గింత పెద్ద ఎండ్రికాయా, మా పొలాలల్ల బొక్కలల్ల దొరికేటియి బొటనవేలంత ఉంటుండె" అని వంగి చూస్తున్నాడు, అది రెండు కొక్కేలూ పైకెత్తి ఆయన వైపే తిరిగింది. "చెయ్యి వెనక నుంచి పెట్టు, చివరి కాళ్ళ దగ్గర పట్టుకుంటే దానికి అందదు" అని చూపించాను. వచ్చినవాటిలో ఎక్కువ ఆడవీ చిన్నవీ, వదిలేశాం, చివరికి మాకు సరిపడా దొరికాయి. సెప్టెంబర్ తర్వాత అయితే కండ ఇంకా నిండుగా ఉంటుందట. వెళ్ళే ముందు ఒరెగాన్ వ్యవసాయ శాఖ వాళ్ళ షెల్ ఫిష్ సేఫ్టీ పేజీ తప్పకుండా చూడండి, సముద్రంలో విషపు నాచు పెరిగినప్పుడు పీతలూ ఆల్చిప్పలూ తినొద్దని మూసేస్తారు.

వంట వ్యాన్ బయట పిక్నిక్ టేబుల్ మీద. డొప్ప లాగేసి, పక్కనున్న బూడిద రంగు పీచంతా తీసేసి, మధ్యకి విరిచి, కాళ్ళు కాస్త చితక్కొట్టి పెట్టుకున్నా. ఉల్లిపాయ బాగా వేగాక అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి, పీతలు వేసి అవి ఎర్రబడేదాకా తిప్పి అప్పుడు చింతపండు పులుసు, బాతెల్ నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కరివేపాకు. అమ్మమ్మ చివర్లో వేయించిన మెంతుల పొడి చిటికెడు వేసేది, అదీ తెచ్చుకున్నా. పక్క సైట్ లో ఉన్న పెద్దాయన వాసనకి లేచి వచ్చి ఏం చేస్తున్నారని అడిగాడు, ఒక గిన్నెలో అన్నం, పులుసు వేసిచ్చాం, కాసేపటికి ఆయన భార్యని కూడా తీసుకుని ఖాళీ గిన్నెతో వచ్చాడు. ఈ తీరంలో పీతని వెన్నలో ముంచుకుని తింటారు, అదీ తిన్నాం తర్వాత న్యూపోర్ట్ లో, మంచి రుచే గానీ చింతపండు పులుసులో ఆ తియ్యటి కండ పడితే వచ్చేది వేరు.

రాత్రిళ్ళు సూర్యుడు మునిగేసరికి దాదాపు తొమ్మిది. నేను పుట్టిన ఊళ్ళో సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చూశాను, ఇక్కడ లోపలికి వెళ్ళడం. అప్పటికి కరీంనగర్ లో మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర, అత్తమ్మ టిఫిన్ చేసి తీరిగ్గా ఉండే టైం, సిగ్నల్ ఉన్న చోటల్లా వీడియో కాల్ చేసి చూపించేవాళ్ళం. "గంత దగ్గర పండుకుంటరా బిడ్డా, నీళ్ళు మీదికొస్తే ఎట్ల" అని రోజూ అదే ప్రశ్న.

అది ఊరికే భయం కాదు. తీరం పొడుగూతా నీలం రంగు బోర్డులు ఉంటాయి, సునామీ జోన్ మొదలు, సునామీ జోన్ అయిపోయింది, ఇటు పరిగెత్తండి అని బాణం గుర్తులు. సముద్రం కింద కాస్కేడియా అనే పగులు ఉంది, 1700 జనవరి 26 రాత్రి అక్కడ దాదాపు 9 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక్కడ రాసిపెట్టినవాళ్ళు ఎవరూ లేరు, కానీ సముద్రం అవతల జపాన్ లో భూకంపం లేకుండానే సునామీ వచ్చిందని అప్పటి లెక్కల్లో రాసుకున్నారు, దాన్ని బట్టీ, ఇక్కడ ఉప్పునీళ్ళలో మునిగి చచ్చిపోయిన చెట్ల మొద్దుల్ని బట్టీ శాస్త్రవేత్తలు తారీఖు పట్టుకున్నారు. ఇక్కడి ఆదివాసీ తెగల కథల్లో కూడా ఆ రాత్రి ఉంది. 2004 సునామీ మన తీరాన్నీ తాకింది కదా, ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్ళ మొహాలు నాకింకా గుర్తున్నాయి, అందుకే క్యాంప్ సైట్ లోకి వెళ్ళగానే ఎత్తైన చోటుకి దారి ఎటో ఇద్దరం ఒకసారి నడిచి చూసుకునేవాళ్ళం. నేల గట్టిగా ఊగితే సైరన్ కోసం చూడొద్దు, బండి తియ్యొద్దు, ఎత్తుకి నడిచి వెళ్ళిపోవడమే.

కేప్ పర్పెచువా దగ్గరికి మాత్రం పోటు టైంకి వెళ్ళాలి. థోర్స్ వెల్ అని రాతి మధ్యలో గుండ్రటి బొయ్యారం, అలలు కింద నుంచి గుహ తొలిచేసి పైకప్పు కూలిన చోటు అంటారు, పోటు నిండే ముందు ఒక గంట, తర్వాత ఒక గంట దాని ఆట. అల వచ్చినప్పుడు లోపల్నుంచి నీళ్ళు ఉబికి చుట్టూ పొర్లి, మళ్ళీ అన్ని వైపుల నుంచీ ఒక్కసారి లోపలికి జారిపోతాయి. ఆటు టైంకి వచ్చినవాళ్ళు ఇదేనా అనుకుని వెళ్ళిపోతుంటారు. మేం పైన రాతి మీదే ఉన్నాం, కిందకి దిగలేదు, ఇక్కడ స్నీకర్ వేవ్స్ అని పది నిమిషాలు ఊరుకుని ఒక్కటి మిగతావాటికంటే చాలా పైకి వచ్చేస్తుంది. బీచ్ లో పడున్న పెద్ద దుంగల మీద కూడా కూర్చోవద్దు, కాస్త నీళ్ళొస్తే చాలు అవి దొర్లి మనుషుల్ని కింద వేసుకుంటాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. సముద్రానికి వీపు చూపించొద్దని భీమిలిలో చెప్పినదే ఇక్కడా బోర్డుల మీద రాసుంది.

ఫ్లోరెన్స్ నుంచి కూస్ బే దాకా ఇసక దిబ్బలు, మెకల్లా అనే ఇంజనీరు కట్టించిన 1936 నాటి బ్రిడ్జిలు, అవన్నీ రాస్తే ఇది తెగదు. కేప్ బ్లాంకో దగ్గర పక్క గాలికి వ్యాన్ లేన్ లోంచి జరిగిపోతుంటే మా ఆయన స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని గంటకి 40 మైళ్ళ మీద నడిపాడు.

బ్రూకింగ్స్ దగ్గర హారిస్ బీచ్ లో ఆగిన పొద్దున నాకు ఒకే పని, ఉన్న నిమ్మకాయలన్నీ కరివేపాకంతా అవగొట్టడం. కాలిఫోర్నియాలో అడుగుపెట్టగానే స్మిత్ రివర్ దగ్గర వ్యవసాయ శాఖ చెక్ పోస్ట్ ఉంటుంది, పళ్ళూ మొక్కలూ ఉన్నాయా అని అడుగుతారు. కరివేపాకు, నిమ్మ, నారింజ ఒకే కుటుంబం, వీటి మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ తోటలకి మందు లేని జబ్బు అంటిస్తుంది, అందుకే ఆ రాష్ట్రంలో కరివేపాకు మీద అంత కట్టడి. మనవాళ్ళు చాలామంది బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోతుంటారు, దయచేసి అలా చెయ్యొద్దు, అక్కడి రైతు బతుకు దాని మీదుంది. నేను పెద్ద గిన్నెడు నిమ్మకాయ పులిహోర కలిపేశా, రెమ్మలు రెమ్మలుగా కరివేపాకు పోపులో కరకరలాడించి. చెక్ పోస్ట్ లో అడిగితే ఏమీ లేవని నిజమే చెప్పాం.

క్లామత్ నది మీద బ్రిడ్జికి రెండు వైపులా బంగారు రంగు ఎలుగుబంట్ల బొమ్మలుంటాయి. అక్కడ ఆపమన్నది మా ఆయన. ఈ నది మీద పైన ఉన్న నాలుగు ఆనకట్టలు తీసేశారు, 2024 లో పని పూర్తయింది. 2002 లో ఈ నది కింది భాగంలో పదుల వేల సాల్మన్ చేపలు చచ్చి తేలాక, యురోక్ ఆదివాసీ తెగవాళ్ళూ పక్క తెగలవాళ్ళూ ఇరవై ఏళ్ళ పైన కొట్లాడి సాధించుకున్నారు. ఆనకట్టలు పోయిన ఆ అక్టోబర్ లోనే సాల్మన్లు పాత ఆనకట్ట దాటి పైకి ఎక్కాయి, వందేళ్ళ తర్వాత. మా ఆయన అమ్మమ్మ ఊరు మిడ్ మానేరు ముంపులో పోయింది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి గోడ కనిపిస్తుందని వెళ్ళి చూసొస్తుంటారు. ఆయన రైలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు, నేను పలకరించలేదు. వ్యాన్ ఎక్కాక "కట్టినంకగూడ తీయచ్చన్నట్టు" అని అంతే అన్నాడు.

ఆ రాత్రి ప్రెయిరీ క్రీక్ లో ఎల్క్ ప్రెయిరీ క్యాంప్ గ్రౌండ్. పులిహోర రెడ్ వుడ్ చెట్ల కింద తిన్నాం. ఈ చెట్లలో అన్నిటికంటే ఎత్తైనది హైపీరియన్, 115 మీటర్ల పైన, 2006 లో కనిపెట్టారు. జనం దాని వేర్లు తొక్కేస్తున్నారని ఇప్పుడు అటు వెళ్ళడమే నిషేధం, 5000 డాలర్ల దాకా ఫైను, జైలు కూడా. దాన్ని వెతకాల్సిన పని లేదు, రోడ్డు పక్క చెట్టుకే తల ఎత్తితే చివర కనపడదు. పాత అడవిలో ఇప్పుడు మిగిలింది 5 శాతమేనట, మిగతాదంతా నరికేశారు. తెల్లారి లేచేసరికి పొగమంచు కొమ్మల్లో పట్టుకుని కింద వర్షంలాగా రాలుతోంది, వ్యాన్ పైకప్పు మీద టపటపా చప్పుడు, రోడ్డు మీదకొస్తే చినుకు లేదు. వేసవిలో ఇక్కడ వాన పెద్దగా ఉండదు, అప్పుడు ఈ చెట్లకి పెద్ద ఆసరా ఈ మంచే. ఉత్తరపు గాలి తీరం వెంట వీస్తూ పై నీటిని సముద్రం లోపలికి నెట్టేస్తే అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి, దాని మీద గాలి చల్లబడి మంచు అవుతుంది. మనం వేసవిలో పాదం పెట్టలేని ఆ చల్లటి నీళ్ళ వల్లే ఈ చెట్లు ఇక్కడున్నాయి, అదే నీళ్ళలో వచ్చే పోషకాల మీదే చేపలూ పఫిన్లూ పీతలూ.

లెగ్గెట్ దగ్గర హైవే 1 మొదలు. అక్కడ్నుంచి సముద్రం దాకా మలుపుల మీద మలుపులు, తల తిరిగేవాళ్ళు ముందే ఏదో ఒకటి వేసుకోండి. ఫోర్ట్ బ్రాగ్ పక్కన మెకెర్రికర్ పార్కులో ఆగాం, లగూనా పాయింట్ చెక్క వంతెన మీంచి రాళ్ళ మీద పడుకున్న సీల్స్ ని చూస్తూ కూర్చోవచ్చు. నక్షత్ర చేపల సంగతి ఇక్కడ తెలుస్తుంది. సన్ ఫ్లవర్ స్టార్లు పోయాక వాటికి ఆహారమైన ఊదా రంగు సీ అర్చిన్లు అనే ముళ్ళ బంతుల్లాంటి జీవులు విపరీతంగా పెరిగి, నీళ్ళ కింద అడవిలాగా ఉండే కెల్ప్ అనే పెద్ద నాచుని మేసేశాయి, 2014 నుంచి సముద్రం వేడెక్కడం కూడా తోడై ఉత్తర కాలిఫోర్నియాలో 90 శాతం పైగా పోయింది. కెల్ప్ లేక అబలోన్ నత్తలు ఆకలితో చచ్చాయి, జనం తరాలుగా మునిగి పట్టుకునే అబలోన్ వేట 2018 నుంచి మూసేశారు. ఆ జబ్బుకి కారణం ఒక బ్యాక్టీరియా అని 2025 లో తేల్చారు, ల్యాబుల్లో నక్షత్ర చేపల్ని పెంచి మళ్ళీ వదలాలని చూస్తున్నారు. కానన్ బీచ్ లో గుంటలో చూసిన ఆ కదలని చేప వెనక ఇంత ఉందని తెలిశాక, సీల్స్ వెనక ఖాళీగా కనిపిస్తున్న నీళ్ళు నాకు మామూలు నీళ్ళలా అనిపించలేదు. ఆ సాయంత్రం మా మాటలన్నీ దాని మీదే.

తర్వాత మెండోసినో, టొమాలెస్ బే. ఆ బే నిటారుగా గీత గీసినట్టు ఉంటుంది, కింద శాన్ ఆండ్రియాస్ పగులు, 1906 భూకంపం అక్కడి నేలని ఇరవై అడుగులు జరిపింది. గోల్డెన్ గేట్ దాటేటప్పుడు దక్షిణానికి వెళ్ళేవాళ్ళకే టోల్, 2013 నుంచి క్యాష్ తీసుకోరు, నెంబర్ ప్లేటు ఫోటో తీసి బిల్లు పంపుతారు, రెంటల్ వ్యాన్ అయితే దాని మీద వాళ్ళ చార్జీ ఎంతో ముందే అడగండి. వ్యాన్ బే ఏరియాలో అప్పగించి ఫ్లైట్ లో ఇంటికొచ్చాం.

ఇంకా దక్షిణాన కొండల అంచునే రోడ్డు పోయే బిగ్ సర్ తీరాన్ని ఈసారి కావాలనే వదిలేశాం, సగం చూసి పరిగెత్తడం ఇష్టం లేదు. దాన్నీ, సాన్ సిమియాన్ దగ్గర పీడ్రాస్ బ్లాంకాస్ లో ఏనుగు సీల్స్ నీ కలిపి జనవరిలో చూడాలని ప్లాన్, అప్పుడే అవి పిల్లల్ని కంటాయి, పెద్ద ఆటు కూడా ఆ నెలలో మధ్యాహ్నం దాటాక వస్తుంది. క్యాంప్ సైట్లు చాలావరకు రెండు రాష్ట్రాల్లోనూ 6 నెలల ముందు తెరుస్తారు, మంచివి ఆ పొద్దునే అయిపోతాయి. దొరక్కపోతే రెస్ట్ ఏరియాలో ఆగొచ్చు గానీ ఒరెగాన్ లో 12 గంటలు, కాలిఫోర్నియాలో 8 గంటలే. హైవే 1 వ్యూ పాయింట్ల దగ్గర రాత్రి పడుకుంటే చాలాచోట్ల లేపి పంపించేస్తారు. బిగ్ సర్ లో కొండ విరిగి పడితే రోడ్డు నెలల తరబడి మూతే, 2017 మే లో మడ్ క్రీక్ దగ్గర పడినదానికి మళ్ళీ 2018 జులైలో తెరిచారు, అందుకని ఏదైనా బుక్ చేసే ముందు కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్ట్రాన్స్ సైట్ లో రోడ్డు చివరి దాకా తెరిచి ఉందో లేదో చూసుకోండి, మధ్యలో మూసి ఉంటే వెనక్కి తిరిగి హైవే 101 పట్టుకుని చుట్టూ పోవడానికి ఒక పూట పడుతుంది.